భుజం మీద గుర్రపు తన్ను

అడవిదున్నను పడగొట్టే తుపాకీ ముందుగా కొట్టేది దాన్ని పట్టుకున్నవాణ్నే! ఆ దెబ్బను తగ్గించడానికి నూటయాభై ఏళ్లుగా ఎన్ని తంటాలు పడ్డారో చెప్పే కథ ఇది.

ఆఫ్రికా. జాంబేజీ లోయ. నడుం లోతు ఎండుగడ్డి. డెబ్బై మీటర్ల దూరంలో చెట్టు నీడన ఒంటరిగా నిలబడి ఉందో అడవిదున్న. ఏడు వందల కిలోలకు తక్కువుండదు.

వేటగాడు తుపాకీ భుజానికెత్తాడు. గురి కుదిరింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడు... కళ్లు మూసుకున్నాడు! లిప్తపాటే. ఆ లిప్తపాటులోనే భుజం బిగుసుకుంది. తుపాకీ మూతి ఒక్క నూలు, అంటే మూడు మిల్లీమీటర్లు, కిందికి వాలింది. ఢాం!

మూతి దగ్గర మూడు మిల్లీమీటర్ల తేడా డెబ్బై మీటర్లు వెళ్లేసరికి ఇరవై సెంటీమీటర్లు దాటిపోతుంది. గుండెకు తగలాల్సిన గుండు ముందుకాలు పైభాగంలో దిగింది. దున్న ఒక్క ఉదుటున పొదల్లోకి మాయమైంది.

ఇక అసలు ప్రమాదం ఇప్పుడే మొదలు. గాయపడిన జంతువును అలా వదిలేసి రాకూడదన్నది వేట నియమం. కాబట్టి నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెనకాలే వెళ్లాలి. అందరికంటే ముందు నడిచేవాడు ట్రాకర్. పక్క ఊరివాడు, రోజుకూలి మనిషి. చాలాసార్లు అతని చేతిలో కర్ర తప్ప మరేమీ ఉండదు. గాయపడ్డ దున్న పారిపోతున్నట్టే పోయి, చుట్టు తిరిగొచ్చి, తన జాడ పక్కనే కాపు కాస్తుందని ఆఫ్రికా వేటగాళ్లందరూ చెప్పే మాట.

పైన చెప్పిన సంఘటన ఏ ఒక్కరిదో కాదు. పెద్ద తుపాకులు పట్టినవాళ్లలో ఎందరికో ఎదురైన అనుభవమే. ఆ కళ్లు ఎందుకు మూతపడ్డాయి? దున్నంటే భయంతో కాదు. తుపాకీ అంటే భయంతో!

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పెద్ద జంతువుల వేటకు తెరపడింది. కెన్యా 1977లోనే నిషేధించింది. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే, టాంజానియా, మొజాంబిక్ లాంటి దేశాల్లో మాత్రం లైసెన్సులిచ్చి, లెక్కగట్టి ఇప్పటికీ అనుమతిస్తున్నారు. వేట మంచిదా చెడ్డదా అన్నది పెద్ద వాదన, అది ఇవాళ మనకొద్దు. కానీ వేటను సమర్థించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ ఒప్పుకునే సంగతి ఒకటుంది. గురి తప్పి, సగం చచ్చి, రోజుల తరబడి అడవిలో ఈడ్చుకుంటూ తిరిగే జంతువు కంటే దయనీయమైన దృశ్యం లేదు. ఆ గురి తప్పడానికి పెద్ద కారణాల్లో ఒకటి తుపాకీ తన్ను.

మీటరు ఎత్తునుంచి మూట

తుపాకీ ఎందుకు తన్నుతుంది? తొమ్మిదో తరగతి సైన్సు పాఠమే. బుల్లెట్ ముందుకు వెళ్లాలంటే తుపాకీ వెనక్కి రావాలి. బుల్లెట్ బరువును దాని వేగంతో గుణిస్తే ఎంతొస్తుందో అంత ఊపు తుపాకీకీ దక్కుతుంది. న్యూటన్ ఎవరికీ బాకీ ఉంచడు!

బుల్లెట్ ఒక్కటే కాదు. తూటాలో కాలిన మందు కూడా వేడి వాయువుగా మారి మూతిలోంచి బయటికి తన్నుకొస్తుంది. దీపావళి తారాజువ్వను గుర్తు తెచ్చుకోండి. వాయువు కిందికి చిమ్మితే జువ్వ పైకి లేస్తుంది. తుపాకీ కూడా ఓ అడ్డ తారాజువ్వే. వాయువు ముందుకు చిమ్ముతుంది, తుపాకీ వెనక్కి వస్తుంది.

ఎంత గట్టిగా వస్తుంది? ఈ తుపాకుల పేర్లు చాలావరకు గొట్టం కొలతతో ముడిపడినవే. .375 అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 375 అని. జింకలకు, దుప్పులకు వాడే .30-06 రైఫిల్ తన్ను, మూడు కిలోల మూటను మీటరు ఎత్తునుంచి భుజం మీద పడేస్తే వచ్చే శక్తితో సమానం. ఏదో సర్దుకోవచ్చు. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చిన .375 మాగ్నమ్‌కు వచ్చేసరికి ఆ మూట ఆరు కిలోలకు కాస్త తక్కువ. ఏనుగులు, దున్నల కోసం బ్రిటిష్ వాళ్లు తయారుచేసిన జంట గొట్టాల .470 నైట్రో ఎక్స్‌ప్రెస్‌కు తొమ్మిది కిలోలు. 58 గ్రాముల గుండును విసిరే .600 నైట్రో ఎక్స్‌ప్రెస్‌ అయితే, తుపాకీయే ఏడు కిలోలున్నా, మూట పన్నెండు కిలోలు దాటుతుంది. అదీ రెప్పపాటులో పదో వంతు సమయంలో, అరచేయంత చోట!

మరి చిన్న తుపాకీ వాడొచ్చుగా అంటారా? ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఏనుగు, దున్న లాంటి ప్రమాదకర జంతువులకు .375, లేదంటే దాని దరిదాపుల్లో ఉండే తూటా కంటే చిన్నది వాడనివ్వరు. కాబట్టి తన్ను తప్పదు. తగ్గించుకోవాలి, అంతే.

సెలూస్ పశ్చాత్తాపం

ఇప్పటి తుపాకుల తన్నే ఇంతుంటే నూటయాభై ఏళ్ల కిందట ఎలా ఉండేదో!

1871లో పందొమ్మిదేళ్ల ఇంగ్లిష్ కుర్రాడు ఫ్రెడరిక్ కోర్ట్నీ సెలూస్ దక్షిణాఫ్రికాలో ఓడ దిగాడు. ఏనుగుల వేటకు అతను కొనుక్కున్నవి 4 బోర్ తుపాకులు. మూతిలోంచి మందు కూరి, గుండు దిగేసి కాల్చే రకం. గుండు బరువు పావు పౌను, అంటే 113 గ్రాములు. మందును కొలిచి పోయడం కూడా లేదు. నడుముకు కట్టిన తోలుసంచిలోంచి పిడికెడు తీసి పోసేయడమే! తుపాకీ బరువు చూస్తే ఆరు కిలోలలోపే. లెక్కకడితే దాని తన్ను ఇప్పటి .470కి మూడు రెట్లు పైమాటే.

ఓసారి తూటా పేలలేదు. ఆ గందరగోళంలో అదే గొట్టంలో రెండోసారి కూడా మందు, గుండు కూరారు. ఈసారి పేలింది. సెలూస్ ఎగిరి నేలమీద పడ్డాడు. తుపాకీ ఎక్కడో పడింది. మనిషి బతికి బట్టకట్టడమే అదృష్టం. ఆ తుపాకులతో మూడు వేట కాలాల్లో 78 ఏనుగులను కొట్టానని చెప్పుకున్న ఆ మనిషే, వాటి జోలికి వెళ్లకుండా ఉండాల్సిందని తర్వాత రాసుకున్నాడు. కారణం భుజం నొప్పి కాదు. అవి తన నరాలను దెబ్బతీశాయనీ, ఆ ప్రభావం తర్వాత తేలికపాటి తుపాకులు పట్టుకున్నా పోలేదనీ!

ఇదీ కీలకం. దెబ్బ తగిలేది భుజానికే. అది దాచుకునేది మాత్రం మనసు. నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది. జంకు తగ్గదు. ట్రిగ్గర్ నొక్కకముందే ఒళ్లు దెబ్బకు సిద్ధమైపోతుంది. కళ్లు మూతపడతాయి, వేలు ట్రిగ్గర్‌ను గుంజేస్తుంది. తను కళ్లు మూస్తున్నట్టు ఆ మనిషికే తెలియదు. అడిగితే 'అబ్బే, లేదే' అంటాడు. అబద్ధం కాదు, నిజంగానే తెలియదు.

మూతి ఎందుకు ఎగురుతుంది?

వెనక్కి తన్నడం ఒక్కటే అయితే సగం బాధే. పేలిన మరుక్షణం తుపాకీ మూతి పైకి లేస్తుంది. చెంపకు ఆనించిన చెక్క దవడను కొడుతుంది. కంటిముందున్న దృశ్యమంతా ఆకాశంగా మారిపోతుంది. దున్న పడిందా, పరిగెత్తిందా, మన మీదికే వస్తోందా... ఏమీ కనబడదు. మూతి మళ్లీ కిందికి దిగి, రెండో గురి కుదిరేదాకా ఆ ఒకటి రెండు సెకన్లలో దున్న ఎన్ని అడుగులు వేస్తుందన్నదే ప్రశ్న.

ఎగరడానికి కారణం సులువైనదే. బీరువాను అడుగున తోస్తే జరుగుతుంది. పైన తోస్తే? వెనక్కి ఒరుగుతుంది. తుపాకీలో తోపు గొట్టం వెంబడి వస్తుంది. దాన్ని ఆపే భుజమేమో గొట్టం కంటే కిందుంటుంది. పైన తోపు, కింద ఆపు. ఇంకేముంది, మూతి పైకి లేస్తుంది. మడమ భాగం ఎంత కిందికి వంగి ఉంటే అంత ఎక్కువగా లేస్తుంది. అందుకే కొత్త రైఫిళ్లలో వెనుక చెక్కను దాదాపు గొట్టానికి తిన్నగా ఉంచుతున్నారు. పాతకాలం తుపాకుల్లో అది బాగా వంగి ఉండేది. బైనాక్యులర్‌లాంటి టెలిస్కోపు లేని రోజుల్లో గొట్టం మీదున్న చిన్న గుర్తులను చూడాలంటే తల కిందికి దించాలి, అందుకు ఆ వంపు కావాల్సి వచ్చింది. చూపు కోసం చేసిన ఏర్పాటుకు చెంప మూల్యం చెల్లించిందన్నమాట.

టెలిస్కోపు వచ్చాక ఇంకో తంటా. కంటికి మరీ దగ్గరగా బిగిస్తే తుపాకీ వెనక్కి వచ్చినప్పుడు దాని ఇనుప అంచు కనుబొమ మీద కొడుతుంది. చక్కగా అర్ధచంద్రాకారంలో గాటు! పెద్ద తుపాకులకు కంటికీ టెలిస్కోపుకూ మధ్య కనీసం నాలుగు అంగుళాల ఎడం ఉండాలంటారు. ఆ అర్ధచంద్రం మచ్చను గర్వంగా చూపించుకునేవాళ్లూ లేకపోలేదు.

చామల లోయ తుపాకీ

తన్ను లెక్క ఒకటే అయినా నొప్పి ఒకటి కాదు. దీనికి మన ప్రాంతంతో ముడిపడిన తుపాకీయే మంచి ఉదాహరణ.

బెంగళూరులో స్థిరపడిన కెన్నెత్ ఆండర్సన్ పేరు పాతతరం పాఠకులకు తెలిసే ఉంటుంది. నరమాంస భక్షకులైన పులులు, చిరుతల వేట కథలు రాసిన మనిషి. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో తిరిగిన పులి కథ ఉంది. 1974లో కన్నుమూసిన ఆండర్సన్‌కు ఇష్టమైన తుపాకీ .405 వించెస్టర్. అమెరికా అధ్యక్షుడిగా దిగిపోయి 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన థియొడోర్ రూజ్వెల్ట్ సింహాల కోసం నమ్ముకున్నదీ ఆ తుపాకీనే.

లెక్కప్రకారం .405 తన్ను నాలుగు కిలోల మూట. .375 కంటే తక్కువే. అయినా చాలామంది కాల్చినవాళ్లు .405నే తిట్టుకున్నారు. ఎందుకు? దాని మడమ సన్నగా, కిందికి వంగి ఉంటుంది. చివర రబ్బరు లేదు, ఇనుప పలక. అదీ నెలవంకలా లోపలికి వంగి, పైన, కింద మొనదేలి ఉంటుంది. నాలుగు కిలోల మూట పరుపు మీద పడటం వేరు, గునపం మొన మీదుగా దిగడం వేరు కదా!

అంటే తుపాకీ వెనక్కి వచ్చే వేగాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, ఆ దెబ్బను ఎక్కువ చోటుకు, ఎక్కువ సమయానికి పంచితే చాలు. క్రికెట్‌లో ఫీల్డరు క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాడే, అదే కిటుకు. మడమ చివర అంగుళం మందం రబ్బరు మెత్త వేస్తే అది అణగడానికి పట్టే కొన్ని మిల్లీసెకన్లే భుజాన్ని కాపాడతాయి. లండన్ తుపాకీ తయారీదార్లు పందొమ్మిదో శతాబ్దంలోనే ఎర్ర రబ్బరు మెత్తలు వేశారు. ఖరీదైన వాటికి పైన తోలు కుట్టేవారు, తుపాకీ భుజానికెత్తేటప్పుడు రబ్బరు కోటుకు పట్టుకోకుండా. ఇప్పటి కొత్త రకం మెత్తలు వాటికంటే చాలా మేలు. ఉన్న ఉపాయాలన్నింటిలో చవకైనదీ, ఎవరికీ హాని చేయనిదీ ఇదే.

దీనితోపాటే కొలత. లండన్ పెద్ద షాపుల్లో తుపాకీ కొనడమంటే సూటు కుట్టించుకోవడమే. చేయి పొడవు, మెడ, చెంప, ఛాతీ అన్నీ చూస్తారు. కీళ్లుండి అటూ ఇటూ వంగే కొలత తుపాకీ ఒకటి చేతికిచ్చి, అవసరమైనంత పొడుగు, వంపు సరిచేసి, ఆ లెక్క ప్రకారం చెక్క చెక్కుతారు. అన్న చొక్కా తమ్ముడికి వేస్తే ఎలా ఉంటుందో, ఒకరి కొలత తుపాకీ మరొకరు కాలిస్తే అలా ఉంటుంది. చొక్కా అయితే చూడ్డానికే బాగోదు, తుపాకీ అయితే చెంప వాస్తుంది.

ఇక బరువు. తుపాకీ ఎంత బరువుంటే అంత తక్కువ తన్నుతుంది. బరువు పాతిక శాతం పెంచితే తన్ను శక్తి ఐదో వంతు తగ్గుతుంది. మడమలో రంధ్రం చేసి సీసం పోయడం, పాదరసం నింపిన గొట్టం అమర్చడం, మూతివైపు మందంగా గొట్టం పెట్టించుకోవడం - అన్నీ ఈ సూత్రం మీదే. మూతివైపు బరువు పెరిగితే అది అంత సులభంగా పైకి లేవదు కూడా. కానీ నెత్తుటి జాడ వెంట రోజుకు పదిహేను కిలోమీటర్లు ఎండలో నడిచేవాడికి ఆ అదనపు కిలో ఏమిటో సాయంత్రానికి తెలుస్తుంది. వెనకటి దొరలకు తుపాకీ మోసేందుకు వేరే మనిషి ఉండేవాడు. తుపాకీ ఎత్తాల్సిన క్షణానికి ఆ మనిషి చెట్టెక్కేసిన కథలూ బోలెడు! అతన్ని తప్పుపట్టలేం.

చిల్లుల మహిమ

భుజాన్ని కాపాడే ఉపాయాల్లో అన్నింటికంటే బలమైనది మూతి దగ్గరుంది. దాని పేరు మజిల్ బ్రేక్. మూతికి బిగించే జానెడు కంటే చిన్న గొట్టం. దానికి చుట్టూ చిల్లులు. తారాజువ్వ ఉదాహరణ మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ముందుకు చిమ్మాల్సిన వాయువును పక్కలకు మళ్లిస్తే వెనక్కి తోసే బలం తగ్గుతుంది. కాస్త వెనక్కి వంచితే తుపాకీని ముందుకే లాగుతుంది. చిల్లులు పైవైపు పెడితే వాయువు పైకి చిమ్మి మూతిని కిందికి అదుముతుంది. మొదటిది తన్నుకు మందు, రెండోది ఎగురుడుకు. ఫిరంగుల కోసం పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మొదలైన ఆలోచన ఇది. 1920లలో అమెరికా మెరైన్ అధికారి కట్స్ చేసిన చిల్లుల గొట్టం థాంప్సన్ తుపాకుల మూతికెక్కింది. వేట రైఫిళ్లకైతే విడిగా ఏమీ బిగించకుండా, విద్యుత్ మెరుపులతో గొట్టానికే సన్నని చీలికలు కోసే పద్ధతిని మాగ్‌నాపోర్ట్ అనే అమెరికా కంపెనీ ప్రాచుర్యంలోకి తెచ్చింది.

పనిచేస్తుందా? బ్రహ్మాండంగా! మందు ఎక్కువ పట్టే మాగ్నమ్ రకాల్లో తన్నును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుంది. ఆ తూటాల్లో మొత్తం తన్నులో వాయువు వాటా మూడో వంతుకు పైనే కాబట్టి. .470 లాంటి పాతకాలపు బరువు గుండ్లలో వాయువు వాటా పావు వంతే. మిగతాదంతా బుల్లెట్ బాకీ. దాన్ని ఏ చిల్లూ తగ్గించలేదు.

అయితే మరి అందరూ ఇదే పెట్టుకోవచ్చుగా?

ఇక్కడే ఉంది చిక్కు. వాయువుతో పాటే శబ్దమూ పక్కలకు, వెనక్కి తిరుగుతుంది. పెద్ద రైఫిల్ మోత మామూలుగానే 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క పేలుడు శబ్దానికి 140 దాటితేనే చెవికి ప్రమాదమని వైద్యుల హెచ్చరిక. మజిల్ బ్రేక్ దానికి మరో ఐదు నుంచి పది డెసిబెల్స్ కలుపుతుంది. డెసిబెల్ లెక్కలో పది పెరగడమంటే శక్తి పదింతలు కావడం!

కాల్చేవాడు చెవులకు రక్షణ పెట్టుకుంటాడు. బ్రేక్ ఉన్నది అతని భుజం కోసం. మోత మాత్రం పక్కవాడికి. ఎవరా పక్కవాడు? తుపాకీ ఆనించుకోవడానికి మూడు కాళ్ల కర్రల స్టాండు నిలబెట్టి, ఒక అడుగు పక్కకు తప్పుకుని కూర్చున్న ట్రాకర్. మూతికి నాలుగడుగుల దూరంలో ఉంటాడు. అతని బతుకుదెరువే చెవులు. పొదలో దున్న ఊపిరి తీయడం, దాని వీపు మీద పురుగులు ఏరుకునే పిట్ట ఒక్కసారిగా కీచుమని లేవడం... ఇవి వినబడితేనే అతనికి పని, ఒక్కోసారి ప్రాణం. ఒక విదేశీ అతిథి భుజం హాయికి అతని వినికిడి ఖర్చవుతోంది. అతిథి వారంలో విమానమెక్కుతాడు. ట్రాకర్ మరుసటి వారం ఇంకో అతిథితో వెళ్లాలి.

అందుకే అక్కడి వృత్తి వేటగాళ్లలో చాలామందికి ఈ పరికరమంటే పడదు. క్యాంపులో దిగగానే 'ఆ బ్రేక్ విప్పేయండి సార్' అంటారు. విప్పినా ఊరుకోదు. మూతి మీద బరువు మారితే గొట్టం అదిరే తీరు మారుతుంది, గుండు పడే చోటు మారుతుంది. మళ్లీ మొదటినుంచీ గురి సరిచేసుకోవాలి. 1990లలో బ్రౌనింగ్, వించెస్టర్ కంపెనీలు బాస్ పేరుతో చిల్లుల పరికరాన్ని తెచ్చి, తర్వాత చిల్లుల్లేని రకాన్ని కూడా అమ్మాల్సి వచ్చింది. మోత భరించలేని కొనుగోలుదార్లు అంతమంది.

ఇప్పుడు దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఫిన్లాండ్ వంటి చోట్ల సైలెన్సర్‌ వైపు మొగ్గుతున్నారు. సినిమాల్లోలా 'ఫుట్' మనదు కానీ మోతను గణనీయంగా తగ్గిస్తుంది. వాయువును లోపలే అరల్లో తిప్పి నెమ్మదిగా వదులుతుంది కాబట్టి తన్నూ తగ్గుతుంది. మూతి మీద బరువుండటంతో ఎగురుడూ తగ్గుతుంది. తుపాకీ పొడుగవుతుంది, పొదల్లో అడ్డం పడుతుంది. అయినా చెవుల ముందు అదో లెక్కా?

జంట గొట్టాల రహస్యం

ఒక రకం తుపాకీలో మాత్రం ఈ మార్పులేవీ ఇష్టానుసారం చేయడానికి లేదు. అవే పక్కపక్కన రెండు గొట్టాలుండే డబుల్ రైఫిళ్లు. దున్న మీదికి దూకితే రెండో గుండు వెంటనే వేయొచ్చని వీటికి అంత పేరు.

రెండు గొట్టాలూ సమాంతరంగా ఉంటాయనుకుంటాం. ఉండవు! మూతివైపు ఒకదానికొకటి దగ్గరగా వంగి ఉంటాయి. కుడి గొట్టం పేల్చితే తుపాకీ పైకి, కాస్త కుడివైపుకు తిరుగుతుంది. ఎడమదైతే ఎడమకు. గుండు గొట్టంలో ఉండగానే ఈ తిరగడం మొదలైపోతుంది. ఆ కొద్ది క్షణంలోనే .470 నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ఆ తిప్పును ముందే లెక్కలో వేసుకుని, రెండు గుళ్లూ ఒకేచోట పడేలా గొట్టాలను వంచి అతుకుతారు. కాల్చి చూడటం, అతుకు కరిగించి సన్నని చీల జరపడం, మళ్లీ కాల్చడం. లెక్కలతో తేలే పని కాదు. అనుభవమున్న పనివాడి చేతివాటం. ఈ తుపాకులకు కార్ల ధర పలకడానికి ఇదొక కారణం.

అంటే డబుల్ రైఫిల్‌లో తన్ను శత్రువు కాదు, గురిలో భాగం! మూతికి చీలికలు కోయించినా, తూటాలో మందు తగ్గించినా ఆ లెక్క తప్పుతుంది. గొట్టాలు దేనికోసం వంచారో ఆ తన్నే లేకపోతే గుళ్లు ఒకదాన్నొకటి దాటి చెరోవైపు పోతాయి. వీటి యజమానులకు మిగిలిన మార్గాలు రబ్బరు మెత్త, సరైన కొలత, సరైన నిలకడ.

నిలకడంటే పెద్ద విద్యేం కాదు. కాళ్లు ఎడంగా పెట్టి, బరువు ముందు కాలి మీదికి వేసి, మడమను భుజం గుంటలో గట్టిగా ఆనించాలి. వదులుగా పట్టుకుంటే తుపాకీ వేగం పుంజుకుని వచ్చి కొడుతుంది. దెబ్బకు ఒళ్లు వెనక్కి ఊగాలి, రాయిలా నిలబడకూడదు. బల్ల ముందు కూర్చుని కాల్చేటప్పుడు ఎక్కువ నొప్పి అందుకే. ఒళ్లు ఊగడానికి చోటుండదు. పడుకుని కాల్చడమైతే మరీ ఘోరం.

పేలని తూటా చెప్పే నిజం

మరి జంకుకు మందేమిటి? దాన్ని పట్టుకునే చిట్కా ఒకటుంది. షూటింగ్ కోచ్‌లందరికీ తెలిసిందే. అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా కలిపి, ఏది ఎప్పుడొస్తుందో కాల్చేవాడికి చెప్పకుండా తుపాకీలో పెడతారు. అతను ట్రిగ్గర్ నొక్కుతాడు. 'టిక్' మంటుంది. పేలదు. కానీ తుపాకీ మూతి మాత్రం గంతు వేస్తుంది! తన్నే లేనప్పుడు మూతిని కదిపిందెవరు? ఇక 'నేను జంకను' అనడానికి వీల్లేదు.

విరుగుడు కూడా ఖరీదైనదేం కాదు. తన్నే తెలియని .22తో వందల గుళ్లు కాల్చాలి. ఖాళీ తుపాకీతో ఇంట్లో గోడమీది చుక్కకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయాలి. పెద్ద తుపాకీ తీసినప్పుడు నాలుగైదు గుళ్లతో ఆపేయాలి. నొప్పి మొదలయ్యాక కాల్చే ప్రతి గుండూ ఒంటికి తప్పుడు పాఠమే నేర్పుతుంది. పదిహేనో గుండు దాకా పంతం పట్టేవాడు మగతనం నిరూపించుకుంటాడేమో కానీ, జంకును మాత్రం ఇంటికి తెచ్చుకుంటాడు.

అసలు మరీ పెద్ద తుపాకీ అవసరమా అని అప్పట్లోనే అడిగినవాడున్నాడు. స్కాట్లాండ్‌కు చెందిన డబ్ల్యూ.డి.ఎం. బెల్. దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. ఇవాళ చదివితే ఒళ్లు జలదరించే సంఖ్య. అందులో అధికభాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తో, పదకొండు గ్రాముల గుండుతో! ఏనుగు పుర్రెను రంపంతో కోయించి మెదడు ఎక్కడుంటుందో, ఏ వైపునుంచి ఎలా చేరుకోవాలో చదువుకున్నాడు. తన్నని తుపాకీతో చెయ్యి వణకదు, వణకని చెయ్యి గురి తప్పదు అన్నది అతని లెక్క. అదే కొలత తూటాను రిగ్బీ కంపెనీ .275 పేరుతో అమ్మింది. చంపావత్ పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహుమతిగా దక్కిందీ, 1926లో రుద్రప్రయాగ చిరుతను పడగొట్టిందీ ఆ .275 రిగ్బీయే. బెల్ దారి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. అతనికున్నంత అనుభవమూ ఇప్పుడెవరికీ ఉండదు, ఉండకపోవడమే మంచిది. కానీ .600ను భరించలేక కళ్లు మూసుకునేవాడి కంటే .375ను కళ్లు తెరిచి కాల్చేవాడే నయమని ఆఫ్రికా క్యాంపుల్లో ఇప్పటికీ చెబుతారు.

ఆ క్యాంపుల్లో మొదటి సాయంత్రం ఒక ఆనవాయితీ ఉంది. ప్రయాణంలో తుపాకీ గురి ఏమైనా చెదిరిందేమో చూసుకోవాలంటూ అతిథిని ఊరి చివరకు తీసుకెళ్తారు. అట్టపెట్టె మీద కాగితం అంటించి రెండు మూడు గుళ్లు కాల్చమంటారు. అతిథి చూపు కాగితం మీద. పక్కన నిలబడ్డ వృత్తి వేటగాడి చూపు మాత్రం అతిథి కళ్ల మీద. వెనకాల చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్న ట్రాకర్లు కూడా అటే చూస్తుంటారు.